కవరులోనే ఉండిపోయిన రెండో ఫోటో

లేదు నాన్నా, నొప్పేమీ పుట్టదు. నిన్న ఫోన్లో ‘అమ్మమ్మా’ అని నువ్వు అడుగుతుండగానే మీ అమ్మ ఫోను లాక్కుంది, జవాబు చెప్పలేకపోయాను. మీ క్లాసు పిల్లవాడికి కడుపు స్కానింగ్ తీశారట కదా, వాడికి నొప్పి పుట్టి ఉంటుందా అని అడిగావు. పుట్టదు. పెద్ద గుండ్రటి మిషను ఉంటుంది, మధ్యలో బోలు. బల్ల మీద పడుకోబెడితే బల్లే మెల్లగా అందులోకి పోతుంది. గదిలో చలిగా ఉంటుంది, అంతే. సూది అయితే చురుక్కుమంటుంది. మందు చేదుగా ఉంటుంది. ఇది మాత్రం ఒంటికి ఏమీ తెలియనివ్వదు. అందుకే ఒకటికి రెండుసార్లు తీయించినా ఎక్కువైందని ఎవరికీ అనిపించదు. నాకూ అనిపించలేదు.

నువ్వు అడిగినప్పటి నుంచి అదే మనసులో తిరుగుతోంది. ఫోన్లో చెప్పలేను, మీ అమ్మ వింటుంది. రాసి పంపిస్తున్నాను. నాగ్‌పూర్‌లో ఉండి తెలుగు చదవడం మరచిపోతున్నారని మీ అమ్మ అంటోంది, మీ చెల్లెలికి కూడా నువ్వే చదివి వినిపించు.

మీ అమ్మకు అప్పుడు పద్నాలుగేళ్ళు. 2006 ఎండాకాలం. మీ తాత గొర్ల మందతో కృష్ణ దాటి వెళ్ళి ఉన్నాడు. వరి కోసిన పొలాల్లో మేత దొరుకుతుందని మావాళ్ళు ఏటా అట్లా పోయి, వానలు పడ్డాకే తిరిగి వచ్చేవాళ్ళు. ఆయన దగ్గర ఫోను లేదు. హుజూర్‌నగర్ దగ్గర మా ఊళ్ళో నేను అంగన్‌వాడీ టీచర్ని. ఊరి పిల్లలందరినీ నెలనెలా తూకం వేసి రిజిస్టర్లో రాసేదాన్ని. నా బిడ్డ లంగా నడుము దగ్గర వదులై, రెండు మడతలు వేసి కట్టుకుంటోందని మాత్రం నేను చూడలేదు. పక్కింటామె చూసి చెప్పింది.

అన్నం తిన్న కాసేపటికి బొడ్డుకు కింద, కుడివైపు, పిండినట్టు నొప్పి వచ్చేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. మొదట వాము నమిలించాను. ఇప్పుడు మీరు చూస్తున్న మీ అమ్మ ఎవరికైనా ఎదురు చెప్పే మనిషి. అప్పుడు అట్లా కాదు. నమలమంటే నమిలేది, పడుకోమంటే పడుకునేది.

మిర్యాలగూడలో మీ తాత అక్క ఉండేది. నాకు వదిన. రైసుమిల్లుల వెనక వీధిలో ఇల్లు. ఊక దుమ్ము ఎప్పుడూ గడప మీద పేరుకునేది. ఆమె రోజుకు నాలుగుసార్లు ఊడ్చేది, ఊడ్చినంతసేపూ మిల్లులవాళ్ళను తిట్టేది. నేను పిల్లను తీసుకుని దిగగానే చీపురు అక్కడే పడేసి, చీర మార్చుకుని, డాక్టరు దగ్గరికి తనే ముందు నడిచింది.

డాక్టరు కడుపు నొక్కి చూసి సీటీ స్కాన్ తీయించమన్నాడు. మా వైపు అప్పటికి అది కొత్త. ఊళ్ళో ఎవరికైనా తీశారంటే చూడడానికి నలుగురు వచ్చేవాళ్ళు. ఆ నల్లటి పెద్ద ఫిలింను వాకిట్లో ఎండకు ఎత్తిపట్టి, ఏమీ తెలియకపోయినా ఒక్కొక్కరూ చూసి, తల ఊపి, పక్కవాళ్ళకు ఇచ్చేవాళ్ళు. దాన్ని ఫోటో అనే అనేవాళ్ళం. ఫోటో ఎంత సాఫ్‌గా ఉంటే అంత మంచి దవాఖాన అని లెక్క. మిర్యాలగూడలో తీసిన మీ అమ్మ ఫోటో చాలా బాగా వచ్చింది. వరుసలుగా చిన్నచిన్న బొమ్మలు, అంచులన్నీ పెన్సిలుతో గీసినట్టు.

డాక్టరు దాన్ని చూసి, “పేగు చివర వాపున్నదమ్మా. పక్కన గడ్డలున్నయి. పేగుకు టీబీ లెక్క కనబడుతుంది. మందులు చానా రోజులు వాడాలె, వాడితే పోతది. భయపడకు,” అన్నాడు.

మెట్లు దిగుతూనే వదిన మొదలుపెట్టింది.

“టీబీ అంట టీబీ! దగ్గని పిల్లకు టీబీ ఎట్లొస్తదే? మనింట్ల ఎవ్వలికన్న ఉన్నదా?”

“పేగుకు గూడ వస్తదంట గద వదినె.”

“గాయన జెప్తె వస్తదా? ఒక్కసారి ఆ పేరు పడ్డదంటే పిల్ల పక్కన కూసోనీకి గూడ జనం జంకుతరు. సూర్యాపేటల ఇంకో డాక్టరున్నడు, మస్తు పేరున్నది. గాయన కాడికి పోదాం. గని ఒక్క మాట. ఈ ఫోటో, ఈ కాయితాలు ఆయనకు సూపియ్యకు.”

“ఎందుకు?”

“సూపిస్తే సూసి గిదే సదువుతడు. సూపియ్యకుంటే ఆయనంతట ఆయన ఏం జెప్తడో ఎర్కయితది. మనం గూడ డాక్టర్ను పరీక్ష జెయ్యాలె పిల్లా. ఎప్పుడూ ఆల్లే మనల్ని జెయ్యాల్నా?”

తప్పంతా ఆమె మీద వేయడానికి రాయడం లేదు. మా వైపు అందరూ చేసే పనే అది. కొత్త డాక్టరు దగ్గరికి పోతే పాత చీటీ దాచేస్తాం. ఒకరికి తెలియకుండా ఇంకొకరు అదే మాట చెబితే అప్పుడు నమ్ముతాం. కాని నేను అంగన్‌వాడీ టీచర్ని. టీకాల కార్డు లేకుండా పిల్లను ఎత్తుకొచ్చిన తల్లులను ఎంతమందిని కోప్పడ్డానో. “కార్డు తేకపోతే ఏ మందు ఎప్పుడు పడ్డదో నాకెట్ల తెలుస్తది, ఉన్నదాని మీద మళ్ల వేస్తే?” అనేదాన్ని. అదే నేను, ఆ ఫిలిం మడత పడకుండా సంచి అడుగున పరిచి, మీద తువ్వాలు వేసి, తువ్వాలు మీద మీ అమ్మ బట్టలు పెట్టాను. ఆమె పక్కనే కూర్చుని చూస్తోంది.

పది రోజులు కూడా కాలేదు, సూర్యాపేటలో ఉన్నాం. అక్కడి డాక్టరు కూడా కడుపు నొక్కి చూశాడు, ఇంతకు ముందు ఎక్కడన్నా చూపించారా అని అడిగాడు. వదిన నా కంటె ముందే, “ఎక్కడ సూపిస్తం సార్, సీదా మీ కాడికే వచ్చినం,” అంది. ఆయనా సీటీ స్కానే రాశాడు.

స్కానింగ్ తీసే ఆయనకు నలభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు జారిపోకుండా వెనక దారంతో కట్టుకున్నాడు. మీ అమ్మను బరువు మిషను ఎక్కించి, ముల్లు చూసి పెదవి చప్పరించాడు. వదినను బయటే కూర్చోమని, పిల్లను బల్ల ఎక్కించడానికి నన్ను మాత్రం లోపలికి రానిచ్చాడు.

“ఇంతకు ముందు గిసొంటిది ఏమన్న తీపిచ్చిన్రా అక్కా?”

బల్ల మీద కూర్చున్న మీ అమ్మ నా వైపు చూసింది.

“లేదన్నా.”

“యాదిజేసుకోండ్రి. తీపిచ్చి ఉంటే ఆ ఫోటో తెండ్రి, డాక్టర్ సాబ్‌తోటి నేను మాట్లాడుత. ఇంకోటి తీసే పనే లేకపోవచ్చు.”

ఆ మాట నేను మరచిపోలేను. సంచి నా భుజానికే ఉంది. చెయ్యి పెడితే అందుతుంది. ఇప్పుడు తీస్తే ఇందాక ఆడిన అబద్ధం బయటపడుతుంది, బయట కూర్చున్న వదిన ఏమంటుందో, ఆ పెద్ద డాక్టరుకు తెలిస్తే ఏమంటాడో. సిగ్గు. అంతే, ఇంకేమీ లేదు. సిగ్గుపడి, “లేదు,” అని రెండోసారి అన్నాను.

ఆయన నన్ను బయటికి పంపి తలుపు వేశాడు. లోపలి గొంతు మైకులో వినిపించింది, “ఊపిరి బిగబట్టు బిడ్డా... ఇగ ఇడువు.” కాసేపటికి ఫోటో కవరులో పెట్టి నా చేతికిచ్చాడు.

“బిడ్డ చానా సన్నగున్నది. అందుకని జర తగ్గించి తీసిన. ఫోటో కొద్దిగ గరుకుగ ఉంటది, ఫికర్ జెయ్యకుండ్రి. సూడాల్సింది మంచిగనే కనబడుతుంది.”

ఏం తగ్గించాడో నేను అడగలేదు. మీ అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, నేనూ వదినా గోడ చాటుకు పోయాం. అక్కడ ఒక కొబ్బరిబొండాల బండి ఉంది. సంచి అడుగు నుంచి మిర్యాలగూడ ఫోటో తీసి, రెండింటినీ పక్కపక్కన ఆకాశానికి ఎత్తిపట్టాం.

“వామ్మో! ఇదేం ఫోటోనే? బూడిద సల్లినట్టున్నది. గా మిర్యాలగూడది సూడు, కడిగిన పళ్లెం లెక్క ఎట్ల మెరుస్తున్నదో.”

“తగ్గించి తీసిన అన్నడు వదినె.”

“ఏం తగ్గించిండు? కరెంటు! కరెంటు మిగుల్చుకుంటుండు. పల్లెటూరోల్లం, ఎర్కగాదనుకున్నడు.”

బొండాలాయన కత్తి పక్కన పెట్టి చెయ్యి చాపాడు. “నాకియ్యి అక్కా, నేన్ గూడ సూస్త. రోజు ఎన్ని సూస్తలేను గీడ!” రెండింటినీ తలకిందులుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశాడు. “గిది మంచిగ రాలే. మళ్ల తియ్యమను.”

నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ బొండాలాయన మాటకు ఇచ్చిన విలువ, లోపల మిషను పక్కన ఇన్నేళ్ళు పనిచేసిన మనిషి మాటకు ఇవ్వలేదు.

నేనే లోపలికి పోయాను. వదిన వస్తానంది, నేనే వద్దన్నాను. ఆమె పోతే తిడుతుంది, తిడితే ఆయన తలుపు వేసుకుంటాడు. నేను అరిచే మనిషిని కాను. మెల్లగా మాట్లాడితే ఎదుటివాళ్ళు కాదనలేరని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

“అన్నా, ఫోటో సాఫ్‌గ రాలేదు. ఇంకోసారి తియ్యరాదా?”

“ఇది సరిపోతది అక్కా. కావాలంటే డాక్టర్ సాబ్‌కు నేను ఫోన్ జేసి జెప్త.”

“పిల్ల నాయిన ఊళ్ళె లేడు. దీంట్ల ఏమన్న కనబడకుంటే, నేనొక్కదాన్ని ఏం జెయ్యాలె అన్నా?”

ఆయన కళ్ళద్దాలు తీసి, చొక్కాకు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. “సూడు అక్కా. ఎక్స్‌రే ఎక్కువ పెట్టి తీస్తే ఫోటో అందంగ వస్తది, నిజమే. గని గా ఎక్కువంత ఎటు పోతది? బిడ్డ ఒంట్లకే పోతది. లావు మనిషికైతే ఎక్కువ లేకుంటే ఏం కనబడది. ఈ పిల్లకేమున్నది, గింత పొట్ట. గరుకున్నా గడ్డ గడ్డనే కనబడతది, పేగు పేగే కనబడతది. మరెందుకు?”

ఇంత బాగా చెప్పాడు. ఒక్కో మాటా నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మాత్రం బట్టల కొట్టువాడు రంగు పోదని చెబుతుంటే విన్నట్టు విన్నాను. అయిపోయాక కళ్ళు తుడుచుకున్నాను. ఏడుపు నిజంగానే వచ్చింది, నటన కాదు. అయితే ఆ ఏడుపు చూశాక ఆయన కాదనలేడని కూడా నాకు తెలుసు. తెలిసే ఆపుకోలేదు.

ఆయన తలుపు సందులోంచి బెంచీ మీది మీ అమ్మను చూశాడు. తర్వాత, “సరే, తీసుకరాండ్రి,” అన్నాడు. “నొప్పున్న కాడికే తీస్త. మీదికి పోను, కిందికి పోను.”

బెంచీ దగ్గరికి పోయి మీ అమ్మ చెయ్యి పట్టుకుని లేపాను.

“మళ్లనా అమ్మా?”

“ఒక్క నిమిషమే బిడ్డా. గమ్మున పడుకో, అయిపోతది.”

పోయి పడుకుంది. “ఊపిరి బిగబట్టు బిడ్డా,” అని మైకులో మళ్ళీ వినిపించింది. ఈసారి ఆ గొంతులో విసుగు ఉంది. విసుగు పిల్ల మీద కాదు.

రెండో ఫోటో మెరుస్తూ వచ్చింది. వదిన దాన్ని బయటే ఎండకు పట్టి, “సూసినవా, అడిగినందుకు గద ఇచ్చిండు,” అని బొండాలాయనకు కూడా చూపించింది. ఆయన ఈసారీ తలకిందులుగానే పట్టుకుని, బాగుందన్నాడు.

మీ అమ్మను బయటే కూర్చోబెట్టి, డాక్టరు గదిలో కవరు బల్ల మీద పెట్టాను. ఆయన చేతికి ముందు వచ్చింది అక్కడ మొదట తీసిన ఫోటో, ఆ గరుకుది. లైటు పెట్టె మీద తగిలించి, పెన్ను కొనతో ఒక చోట చూపించాడు. “ఇదిగో పేగు మందంగా అయింది చూడండి. ఇవి గడ్డలు. పేగుకు టీబీ అమ్మా ఇది. భయం లేదు, మందులున్నయి.” అప్పుడే చీటీ రాయడం మొదలుపెట్టాడు.

“సార్, కవర్ల ఇంకో ఫోటో ఉన్నది. అది సాఫ్‌గ ఉంటది.”

“అక్కర్లేదమ్మా, ఇది చాలు. అంతా కనబడుతుంది గద.”

రెండోదాన్ని కవరులోంచి తీయనే లేదు.

బయటికొచ్చాక వదిన కవరు చంకలో పెట్టుకుని ముందు నడిచింది. బస్టాండు దగ్గరికి వచ్చాక, “ఇద్దరు ఒకటే జెప్పిన్రు. ఇగ నమ్మొచ్చు పిల్లా,” అంది. నిజం చెప్పాలంటే నా గుండె కూడా తేలికపడింది. పరీక్ష పెట్టాం, ఇద్దరు డాక్టర్లూ నెగ్గారు అనుకున్నాను. ఆ పరీక్ష నా బిడ్డ ఒంటి మీద జరిగిందని తట్టలేదు.

మందులు పనిచేశాయి. రోజూ పొద్దున పరగడుపున నా ఎదుటే మింగించాను, ఒక్క రోజు తప్పలేదు. మీ అమ్మ ఒళ్ళు చేసింది, లంగా మడత విప్పి కట్టుకుంది. వానలు పడ్డాక మీ తాత మందతో తిరిగొచ్చాడు. విషయం విని, దండెం మీద తుండు తీసి ముఖం తుడుచుకుని, ఆ ఫోటోలు తెమ్మన్నాడు. వాకిట్లో నిలబడి ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు.

“మూడెందుకున్నయే?”

“మూడు దిక్కుల నుంచి తీసిన్రు.”

“ఓహో,” అన్నాడు. మళ్ళీ అడగలేదు. అదీ అబద్ధమే. ఆయన చనిపోయేదాకా అట్లాగే ఉండిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు నాకు ఆ ఫోటోల ధ్యాసే లేదు. బియ్యం డబ్బా వెనక గోడకు ఆనించి పెట్టి ఉండేవి. మీ అమ్మ చదువుకుంది, పెళ్ళయింది, మీ నాన్న ఉద్యోగమున్న ఊరికి పోయింది. 2014లో నాకు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. అప్పుడు మీ అమ్మ మా ఊరొచ్చి ఉంది, కడుపుతో. ఆ కడుపులో ఉన్నది నువ్వే నాన్నా. తోడుగా తనే నన్ను కోదాడ తీసుకుపోయింది. డాక్టరు కడుపుకు సీటీ స్కాన్ తీయించమన్నాడు.

అక్కడ స్కానింగ్ గదిలో ఒకామె ఉంది, ముప్పై ఏళ్ళుంటాయి, ఆంధ్ర వైపు మాట. నా వెనకే మీ అమ్మ లోపలికి అడుగు పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

“నువ్వు కడుపుతో ఉన్నావా అమ్మాయ్? ఎన్నో నెల?”

“ఐదు.”

“అయితే ఈ గడప దాటి రాకూడదు. అదిగో, ఆ చివరి బెంచీ మీద కూర్చో. ఈ తలుపు దగ్గర కూడా నిలబడొద్దు.”

మీ అమ్మ వెళ్ళిపోయింది. నేను బల్ల మీద పడుకుని అడిగాను, “తీసేది నాకు గదమ్మా. ఆమెకేమైతది?”

“ఇందులోంచి వచ్చే ఎక్స్‌రే మీ ఒక్కరి దగ్గరే ఆగదండి, గదిలోకి కూడా కొంచెం చెదురుతుంది. కడుపులో బిడ్డ ఉంది కదా, ఆ కొంచెం కూడా ఎందుకని.” నా చెయ్యి తల మీదికి ఎత్తి పెడుతూ, “ఇంతకు ముందు తీసిన ఫిలింలు ఏమైనా ఉన్నాయాండి? ఉంటే ముందు అవి చూస్తాం,” అంది.

నావి లేవు. లేవని నిజమే చెప్పాను.

“ఎక్కువ పెడితే ఎక్కువ ఒంట్లకు పోతదా?” అని అడిగాను.

ఆమె నవ్వింది. “భలే అడిగారే. పోతుందండి. ఇప్పుడు ఈ కొత్త మిషన్లు వాటంతట అవే చూసుకుంటాయి, మనిషి లావెంత, సన్నమెంత, ఎక్కడ ఎంత కావాలి అని. అంతకే వదులుతాయి. బొమ్మలో గరుకు వస్తే కంప్యూటరే కొంత సవరిస్తుంది. ఇంతకు ముందైతే తీసే మనిషి చేతిలో ఉండేది. పట్టించుకునేవాడైతే చిన్నపిల్లలకు తగ్గించి తీసేవాడు. తగ్గిస్తే బొమ్మ గరుకుగా వచ్చేది, జనం ఊరుకునేవాళ్ళు కాదు, బాలేదని గొడవ పెట్టేవాళ్ళు. మా సారు చెబుతుంటారు, బొమ్మ అందం కాదు చూడాల్సింది, జబ్బు కనబడిందా లేదా అన్నదే అని.”

నేను గొడవ పెట్టలేదు. మెల్లగా అడిగాను. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఆమెకు చెప్పి ఏం లాభం?

“ఒక పిల్లకు,” అన్నాను, “పద్నాలుగేళ్ళ పిల్లకు, పది రోజుల్ల మూడుసార్లు తీసిన్రు. రెండు అక్కరకు లేనియి. ఆ పిల్లకు ఏమన్న అయితదా?”

ఆమె చేతిలో పని ఆపింది. ఎవరని అడగలేదు. “ఒక్క మనిషి గురించి అట్లా చెప్పలేమండి. ఏమీ కాకపోవడమే ఎక్కువ. భయపడాల్సినంత ఉండదు. కాకపోతే అక్కర్లేనిది ఒక్కటి కూడా తీయకూడదని మాకు మొదటి రోజే చెబుతారు. ఎందుకంటే తర్వాతెప్పుడైనా క్యాన్సర్ లాంటిది వస్తే దీని వల్లే వచ్చిందనీ చెప్పలేం, కాదనీ చెప్పలేం.” తర్వాత, “కదలకండి అమ్మా, ఊపిరి బిగపట్టండి,” అని అద్దం వెనక్కి వెళ్ళింది.

ఊపిరి బిగపట్టి పడుకున్నాను. నొప్పి లేదు. ఏమీ లేదు. మీ అమ్మ కూడా ఇట్లాగే పడుకుని ఉంటుంది, ఏమీ తెలియక, నేను చెప్పినందుకు. నా కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. చేతులు తల మీద ఉన్నాయి, తుడుచుకోవడానికి లేదు. కదిలితే మళ్ళీ తీయాల్సి వస్తుందని కదలలేదు.

నాకు పిత్తాశయంలో రాళ్ళన్నారు, అది వేరే సంగతి. ఆ కళ్ళద్దాల మనిషిని చూసి ఒక్క మాట చెప్పుకోవాలని తర్వాత ఒకసారి సూర్యాపేట పోయాను. ఆ స్కానింగ్ సెంటరు ఉన్న చోట బట్టల దుకాణం ఉంది. ఆయన ఎటు పోయాడో ఎవరికీ తెలియలేదు. నువ్వు పుట్టినప్పుడు అందరూ నాన్న పోలికా అమ్మ పోలికా అని చూస్తుంటే, నేను నిన్ను బట్ట విప్పి తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూశాను. పిల్లోడికి చలిపెడుతుందని మీ అమ్మ కసిరింది. నేనెందుకు చూస్తున్నానో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

ఎందుకంటే కోదాడ నుంచి తిరిగొచ్చే బస్సులోనే ఆమెకు అంతా చెప్పేశాను. సంచి అడుగున దాచిన ఫోటో ఆమెకు తెలిసిందే. ఆయన రెండుసార్లు అడిగితే రెండుసార్లు లేదన్నదీ తెలిసిందే, బల్ల మీద కూర్చుని వింది. తెలియనిది గోడ చాటు సంగతి, నా కళ్ళనీళ్ళ సంగతి, ఆయన వద్దు వద్దని చెప్పిన సంగతి, డాక్టరు ఆ రెండోదాన్ని ముట్టనే లేదన్న సంగతి. మీ అమ్మ జామకాయ తింటూ విన్నది. ఉప్పుకారం వేళ్ళకు అంటుకుంటే నాకుతూ విన్నది. బొండాలాయన తలకిందులుగా పట్టుకున్నాడని చెబితే పెద్దగా నవ్వింది.

“ఓ అమ్మా, ఎన్నేండ్లయిందే గది? నాకేమైంది, బండ లెక్క ఉన్న. నువ్వు గిట్ల ఏడుస్తే సూసెటోల్లు నీకే ఏదో పెద్ద రోగం వచ్చిందనుకుంటరు.”

“నీకేం కాలేదని నాకు తెలుసు బిడ్డా. నేనది అడుగుతలేను.”

“మరేం అడుగుతున్నవ్?”

అప్పుడు అడిగాను. ఆమె నమలడం ఆపింది. చేతిలో మిగిలిన జామకాయ ముక్కను చూసింది, కిటికీలోంచి బయటికి చూసింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. హుజూర్‌నగర్ వచ్చింది, కండక్టరు దిగమని కేకేశాడు, ముందు సంచి అందుకుని ఆమే దిగి, నాకు చెయ్యిచ్చి దింపింది. ఆటోలో కూర్చున్నాక వేరే మాటలు మాట్లాడింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను మళ్ళీ అడగబోయిన ప్రతిసారీ స్టవ్ మీద ఏదో మాడుతుంటుంది, లేకపోతే మీలో ఎవరో పిలుస్తుంటారు. మీరు ఆమెను అడగొద్దు. మీరు అడగాల్సింది కాదు.

బస్సులో నేను అడిగింది ఇదే:

“మళ్ల తీసుడెందుకని ఆయన నన్నడిగిండు. మళ్ల తియ్యమని నేను ఆయన్నడిగిన. నిన్నయితే మాలో ఎవ్వలం అడగలే. ఆ బెంచీ కాడ, చెయ్యి పట్టుకొని లేపే ముందల, నిన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఏమనేదానివి బిడ్డా?”